నటన కాదన్నందుకు పడిన సున్నా

శ్రీయుత పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,

మనస్తత్వశాస్త్ర విభాగమున ఆచార్యుడిగా పనిచేయుచు, ప్రస్తుతం సెలవులో ఉన్న నేను వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఆత్మహత్యల నివారణ ప్రాక్టికల్ పరీక్షలో ఒక విద్యార్థినికి వేసిన సున్నాను రద్దుపరచి, ఆమెను ఉత్తీర్ణురాలిగా ప్రకటించుట గురించి.

సూచిక: ఆమె అప్పీలును తోసిపుచ్చుతూ పునఃపరిశీలన కమిటీ వారు ఇచ్చిన ఉత్తర్వు, మరియు తమరి కార్యాలయ సూపరింటెండెంటు గారు కౌంటరు దగ్గర నోటిమాటగా ఇచ్చిన సలహా.

పై విషయమును పురస్కరించుకొని ఈ దిగువ అంశములను తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. నేను ఈ విశ్వవిద్యాలయములో చేరిన నాటినుండి ఒకే పాఠము చెప్పియున్నాను. చచ్చిపోవాలనుకుంటున్న మనిషిని పక్కనున్నవాడు ఎలా ఆపగలడు అన్నదే ఆ పాఠం. నా పరిశోధన దానిమీదే, పుస్తకాలు దానిమీదే, ప్రమోషన్లూ దానిమీదే వచ్చాయి. ఏదైనా విందుకు వెళితే, "మీరేం చెబుతారు సార్?" అని ముచ్చటపడి అడిగినవాళ్ళు నా జవాబు విని ప్లేటు పట్టుకుని మెల్లగా పక్క టేబుల్‌కి జారుకుంటారు. విద్యార్థులు నన్ను "రెండోసారి సారు" అంటారు. "బాగున్నారా అని ఒకసారి అడిగితే ఎవరైనా బాగానే ఉన్నామంటారు, అది మర్యాద. రెండోసారి అడగండి" అని ప్రతి క్లాసులోనూ చెప్పడం వల్ల వచ్చిన పేరది. ఆ పేరు నాకు తెలియదని వాళ్ళ నమ్మకం.

2. సదరు ప్రాక్టికల్ పరీక్ష నిర్వహణా విధానము తమరికి తెలియకపోవచ్చును గనుక వివరించుచున్నాను. ఒక గది. అందులో రెండు కుర్చీలు, మరీ ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేసి ఉంటాయి. మధ్యన చిన్న బల్ల, మంచినీళ్ళ గ్లాసు, కాగితపు రుమాళ్ళ పెట్టె. గోడవారగా బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు. ఒక కుర్చీలో విద్యార్థి కూర్చుంటాడు. రెండోదాంట్లో బతుకు మీద ఆశ వదులుకున్న మనిషి కూర్చోవాలి. అలాంటి మనిషిని పరీక్షకు పిలిపించలేం కదా. బయటి నటుల్ని పెట్టుకోవడానికి మన నిబంధనలు ఒప్పుకోవు. అంచేత ఆ కుర్చీలో మొదటినుంచీ నేనే కూర్చుంటున్నాను.

నా దగ్గర మూడు వేషాలున్నాయి: ఉద్యోగం ఊడిన గుమాస్తా, భార్య వదిలేసి వెళ్ళిన మేనేజరు, పరీక్ష తప్పిన కుర్రాడు. జుట్టు నెరిశాక కుర్రాడి వేషం మానేశాను. విద్యార్థి నాతో మాట కలపాలి, వినాలి, తొందరపడి ధైర్యం చెప్పకూడదు, నీతులు అసలే చెప్పకూడదు. ఆ తర్వాత సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. ఈ మాట నోటితో పలకడానికే చాలామందికి నెలలు పడుతుంది. అడిగితే, లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు, అడిగినవాడితో మాట్లాడే దారి దొరుకుతుంది అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

ఈ పరీక్షకు ఒక నిబంధన ఉన్నది. విద్యార్థి మధ్యలో పాత్ర వదిలి బయటికి వస్తే సున్నా. మొదట్లో పిల్లలు సిగ్గుతో పకపకా నవ్వేవాళ్ళు, "సార్, ఇదంతా ఉత్తుత్తిదే కదా" అనేవాళ్ళు. అందుకని పెట్టారు. పెట్టింది నేనే.

3. పరీక్ష జరిగిన దినమున సదరు విద్యార్థిని అందరికంటే చివర తన వంతు వచ్చినప్పుడు గదిలోనికి ప్రవేశించినది. హాల్ టికెట్ ప్రకారం ఆమె పేరు తమ వద్ద ఉన్నది. తోటివాళ్ళు మాత్రం "నిదానం" అంటారు. ఆ అమ్మాయిని ప్రశ్న అడిగి, క్యాంటీన్‌కి వెళ్ళి టీ తాగొచ్చినా, జవాబుకి ఇంకా టైముంటుందని వాళ్ళ హాస్యం. ఆ వేళ నాది గుమాస్తా వేషం. ఆమె కూర్చుంది, పలకరించింది, విన్నది. సూటి ప్రశ్న సూటిగానే అడిగింది. నేను "అవును" అన్నాను.

ఆమె కంటే ముందు వచ్చినవాళ్ళు కూడా అంతవరకు ఇలాగే చేశారు. వాళ్ళు "అవును" వినగానే తర్వాతి మెట్టుకు వెళ్ళారు: చెప్పినందుకు థాంక్స్ అన్నారు, ఇంట్లో ఎవరున్నారని అడిగారు, ఎవరికి ఫోన్ చేయమంటారన్నారు. అందరికీ మంచి మార్కులు పడ్డాయి. మధ్యలో టీ వచ్చినప్పుడు పరీక్షకుడు గారు నాతో, "మీరు సినిమాల్లోకి వెళ్ళాల్సిన మనిషండీ. ఎక్కడా అతి లేదు" అన్నారు.

ఈ అమ్మాయి తర్వాతి మెట్టుకు వెళ్ళలేదు. నా మొహం చూస్తూ కూర్చుంది. పరీక్షకుడు గారు గడియారం చూశారు. అప్పుడు, "సార్, ఈ మాట గుమాస్తా అంటున్నాడా, మీరంటున్నారా?" అని అడిగింది.

"గుమాస్తానేనమ్మా, కానివ్వు" అన్నాను.

ఆమె పరీక్షకుడి వైపు తిరిగి, "పరీక్ష ఆపండి సార్. సార్ నటించడం లేదు" అన్నది.

ఆయన నా వంక చూశారు. నటిస్తున్నాననే చెప్పాను. నవ్వాను కూడా. ఆయన నిబంధన చదివి వినిపించి, అందులో ఉన్నట్టే సున్నా వేశారు. "వేసుకోండి సార్, నేను మాత్రం సార్ లేచేదాకా ఇక్కణ్ణుంచి కదలను" అని ఆమె కుర్చీలో అలాగే కూర్చున్నది. దీనిని ఉత్తర్వులో "పరీక్షకుని పట్ల అవిధేయత" అని పేర్కొన్నారు.

4. పిమ్మట ఆమె తల్లిదండ్రుల బలవంతం మీద అప్పీలు చేసుకొనినది. కమిటీ వారు ఆమెను పిలిపించి, ఆచార్యుల వారు నటించడం లేదని ఏ ఆధారంతో అన్నావని ప్రశ్నించిరి. ఆమె, "అది నేను చెప్పకూడదండి" అన్నది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. "జవాబు దాటవేసినది" అని కమిటీ వారు రాసుకుని అప్పీలు కొట్టేశారు.

అయ్యా, ఆమె దాటవేయలేదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషి చెప్పిన మాట ఆ ప్రాణం కాపాడటానికి అవసరమైనవాళ్ళకు తప్ప ఇంకెవ్వరికీ చెప్పకూడదు, సొంత లాభానికి అసలు వాడుకోకూడదు అని మొదటి వారంలోనే నేను చెప్పిన పాఠం. కమిటీ వారివల్ల నా ప్రాణానికి ఒరిగేదేమీ లేదని ఆమె సరిగ్గానే లెక్కవేసుకుంది. నోరు విప్పి ఉంటే ఆనాడే పాసయ్యేది.

ఆమెకు ఒక ఆసుపత్రిలో, ఇలాంటి రోగులతో మాట్లాడే విభాగంలో ఉద్యోగం వచ్చి ఉన్నది. ఈ నెలాఖరులోగా పాస్ సర్టిఫికెట్ చూపకపోతే ఆ చోటు తర్వాతివారికి పోతుంది. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. ఆమె స్నేహితురాలి ద్వారా తెలిసింది.

5. అంతట నేను తమ కార్యాలయమునకు వచ్చి, సదరు విద్యార్థిని చేసినది సబబే అని ఒక అర్జీ సమర్పించితిని. సూపరింటెండెంటు గారు దానిని ఆసాంతం చదివి, కళ్ళజోడు తీసి, "సార్, ఆ అమ్మాయి చేసింది సబబే అని రాశారు. ఎందుకు సబబో రాయలేదు" అన్నారు.

"రాయాలా?"

"రాయకపోతే ఫైలు కదలదు సార్. నిబంధన తప్పింది. తప్పడానికి ఒక కారణం ఉండాలి కదా? మీ దగ్గరుందా?"

"ఉంది."

"మరింకేం, రాసి పడేయండి. రాస్తే మీ ముల్లేం పోయింది?"

నా వెనకాల క్యూలో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నారు. నా కాగితం నేను వెనక్కి తీసుకున్నాను. ఇది కొత్తగా రాసినది.

6. కావున కారణమును ఈ దిగువ పొందుపరచుచున్నాను.

కారణమేమనగా, ఆ దినమున నేను నటించలేదు.

ఇంతటితో సరిపోతుందేమో తెలియదు. సూపరింటెండెంటు గారు చూస్తే "వివరంగా రాయండి సార్" అంటారని రాస్తున్నాను. నా పరిశోధన కోసం, అలా పోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ మనుషులతో మాట్లాడుతూ వచ్చాను. గుమ్మం దగ్గర ఆ మనిషి చెప్పులు ఇంకా తియ్యకుండా ఉంటాయి. మొదట్లో ఇంటికి వచ్చి ఏడ్చేవాణ్ణి. తర్వాత ఏడవడం మానేశాను, అనుభవం వచ్చిందనుకున్నాను. ఒకరోజు ఒక తల్లి నా ఎదురుగా కూర్చుని కొడుకు గురించి చెబుతూ ఏడుస్తుంటే, నేను రికార్డరులో బ్యాటరీ మిగిలుందో లేదో అని ఆలోచిస్తున్నాను. అది గమనించి కూడా నాకేమీ అనిపించలేదు. ఆ తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటే అలాగే అయిపోయాయి. తిండి, పాటలు, అక్క ఫోను, కొత్త చొక్కా. బాధ అని రాస్తే తమరికి సులువుగా అర్థమవుతుంది గానీ అది బాధ కూడా కాదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుని లేస్తే ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూశారూ, నాకు ఒళ్ళంతా అలా ఉండేది.

మా విభాగంలో అందరూ ఈ విద్యలో ఆరితేరినవాళ్ళే. స్టాఫ్ రూములో ఒకాయన, "ఈమధ్య బాగా తగ్గారండీ, వాకింగా?" అన్నారు. అవునన్నాను. మెచ్చుకున్నారు. ఆయన కూడా నాలాగే ఇదే పాఠం చెబుతారు.

చచ్చిపోవాలన్న ఆలోచన నాకు కొన్ని నెలలుగా ఉండెను. పరీక్షల నాటికి అది ఆలోచన దాటి నిర్ణయమైంది. పరీక్షలు అయిపోయేదాకా ఆగుదామనుకున్నాను. మధ్యలో పోతే పిల్లల మార్కులు ఆగిపోతాయి, మళ్ళీ ఆ కుర్చీలోకి కొత్త మనిషిని వేయాలంటే తమ కార్యాలయానికి ఎంత సమయం పడుతుందో నాకు తెలుసు.

మరి ఆ గదిలో "అవును" అని ఎందుకన్నావని కమిటీ వారు అడగవచ్చు. ఆ మాట అనడానికి ఆ కుర్చీ తప్ప నాకు ఇంకో చోటు లేదు. అక్కడ అది నా డ్యూటీ. ఆ పొద్దున వచ్చిన ప్రతి విద్యార్థికీ నేను నిజమే చెప్పాను. వాళ్ళు విని, సరైన జవాబులు చెప్పి, లేచి వెళ్ళిపోయారు.

7. పరీక్షానంతరము జరిగిన సంగతులు ఏమనగా: పరీక్షకుడు గారు సంచీ సర్దుకుని వెళ్ళాక ఆ అమ్మాయి నాతోపాటే లేచి, నాతోపాటే వరండాలోకి వచ్చి, బెంచీ మీద నా పక్కన కూర్చుంది. "నీకెలా తెలిసింది?" అన్నాను. ఎప్పటిలాగే చాలాసేపు తీసుకుంది.

"ప్రాక్టీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు మీరు ఏడుస్తారు సార్. ప్రతిసారీ ఏడుస్తారు. ఇవాళ ఏడవలేదు" అంది.

పరీక్షకుడు గారు అతి లేదని మెచ్చుకున్నది దాన్నే.

"మీ ఇంట్లోవాళ్ళెవరికైనా ఫోన్ చేస్తాను సార్. ఎవరికి చేయమంటారు?"

"ఎవరూ లేరమ్మా. నువ్వెళ్ళు, బస్సు పోతుంది."

"పోతే ఇంకోటి వస్తుంది సార్. ఎవరికి చేయమంటారు?"

ఆమె బస్సులు ఎన్ని పోయాయో నాకు తెలియదు. చివరికి అక్క నెంబరు చెప్పాను. మా అక్క బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైంది, నోరు పెద్దది. ఆటో దిగుతూనే మొదలుపెట్టింది. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నీకేం పోయేకాలం వచ్చిందిరా! ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేకపోయావా నాకు?" అని వరండా అదిరేలా అరిచింది. అరిచి, నా చెయ్యి పట్టుకుని, మళ్ళీ వదల్లేదు. ఆటోలో కూడా వదల్లేదు. ఆ అమ్మాయి ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉంది. తనకు సున్నా పడిందన్న మాట అక్కతో గానీ నాతో గానీ అనలేదు.

ప్రస్తుతము నేను అక్క ఇంట్లో ఉన్నాను. డాక్టరు గారి దగ్గరికి వెళుతున్నాను, మందులు వేసుకుంటున్నాను, ఆయన అడిగినవాటికి నిజం చెబుతున్నాను. మొదట కొంచెం కష్టమైంది, ఆయన ప్రశ్నలన్నీ నాకు ముందే తెలుసు. ఆ నిర్ణయం ఇప్పుడు లేదు. ఆలోచన మాత్రం అప్పుడప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు అక్కకు చెబుతాను. "వచ్చిందా? సరే, ఇలా వచ్చి కూర్చో" అని ఉతికిన బట్టలు ముందు పడేసి మడతపెట్టమంటుంది. బావగారు అవతల కూర్చుని పేపరు చదువుతున్నట్టు ఉంటారు గానీ పేజీ తిప్పరు. నాకు మొద్దుబారినతనం పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది, అర్జీలో అబద్ధం రాయరాదు.

8. ఇందుమూలముగా మరి కొన్ని చిక్కులు తలెత్తవచ్చునని గ్రహించితిని. ఆ అమ్మాయి పాసైతే, నిజాన్ని నటన అనుకున్న మిగతా విద్యార్థులను ఫెయిలు చేయాలా అని కమిటీలో ఎవరైనా అడగవచ్చు. అక్కరలేదు. వాళ్ళు నేర్పినట్టే చేశారు. వాళ్ళకు పరీక్ష అని చెప్పి పరీక్ష గదిలో కూర్చోబెట్టింది మనం. పరీక్షకుడు గారిని కూడా ఏమీ అనవద్దు. ఆయన మంచివారు. నేను చాలా బాగా నవ్వాను.

నిబంధన మాత్రం మార్చవలెను. ఎదుటి మనిషి నటించడం లేదని అనుమానం వచ్చిన విద్యార్థి పరీక్ష ఆపవచ్చు, ఆ అనుమానం తప్పయినా మార్కులు పోవు అని చేర్చవలెను. వచ్చే ఏడాది ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. ఎవరు కూర్చున్నా మనిషే కూర్చుంటారు.

9. ఈ అర్జీ కమిటీ చేతుల్లోకి వెళితే నా సంగతి క్యాంటీనుదాకా వెళుతుందని నాకు తెలియును. ఇలాంటివాడు ఇలాంటి పాఠం ఎలా చెబుతాడని అనేవాళ్ళూ ఉంటారు. అననివ్వండి. ఆ విద్యార్థిని నోరు విప్పకుండా దాచిన మాట నాది. దాన్ని బయటపెట్టే హక్కు నాకొక్కడికే ఉంది, కనుక బయటపెట్టుచున్నాను.

కావున తమరు దయతో పై అంశములన్నింటిని పరిశీలించి, సదరు విద్యార్థినికి పడిన సున్నాను రద్దు చేసి, కనీస ఉత్తీర్ణత మార్కులు వేయించి, నెలాఖరులోగా సర్టిఫికెట్ ఆమె చేతికి అందునట్లు ఉత్తర్వులు ఇప్పించవలసినదిగా వేడుకొనుచున్నాను. ఇందులో వ్రాసినది యావత్తు నిజమని, ఎవరి బలవంతము లేక, పూర్తి మెలకువతో వ్రాసితినని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆచార్యుడు, మనస్తత్వశాస్త్ర విభాగము

జతపరచినవి: ఏమియు లేవు. కమిటీ వారికి రుజువు కావలసినచో, పిలిచిన రోజున నేనే వచ్చి ఎదుట నిలబడగలను.

తా.క.: పైన రాసినదంతా కవరులో పెట్టబోతుంటే అక్క లాక్కుని చదివింది. కళ్ళు తుడుచుకుంటూ చదివి, చివరి పేరా దగ్గర ఆగి, "కనీస ఉత్తీర్ణత మార్కులంటే ఎన్నిరా?" అంది. వందకి ముప్పై అయిదు అన్నాను.

"ముప్పై అయిదా? నా తమ్ముడు నా ఇంట్లో, నా కళ్ళెదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతున్నాడు. దానికి ముప్పై అయిదా?"

"అక్కా, నిబంధనల ప్రకారం అంతకంటే అడగడం బాగోదు" అన్నాను. అక్క ఒప్పుకోలేదు. చాలాసేపు ఏడ్చింది. అయ్యా, నా ప్రాణానికి అంత విలువ ఉందని నాకింకా అనిపించడం లేదు. అక్కకు అనిపిస్తోంది. ఇప్పటికి ఆవిడ మాటే తీసుకోండి. పైన "కనీస ఉత్తీర్ణత మార్కులు" అని ఉన్నచోట కొట్టివేసి, నూటికి నూరు అని చదువుకోగలరు.